పోరంబోకు వేళ్ళు

వకుళ ఎదురొస్తుంటే గుమ్మాలు పక్కకి తప్పుకోవు. అదీ ఆమెతో వచ్చిన చిక్కు. తప్పుకోవాల్సింది గుమ్మాలు కాదే తల్లీ, నువ్వని ఇంట్లోవాళ్ళు చెప్పారు, బళ్ళో పంతుళ్ళు చెప్పారు, కట్టుకున్నవాడు బతికున్నన్నాళ్ళూ చెప్పాడు. ఏం లాభం? ముప్ఫై ఆరేళ్ళొచ్చినా భుజానికి గుమ్మం దెబ్బ లేని రోజు లేదు. వడ్డిస్తే సగం కూర కంచంలో, సగం కంచం పక్కన. పక్కగదిలోంచి ఏదో తెద్దామని వెళ్ళి, ఎందుకొచ్చానా అని అక్కడే నిలబడిపోతుంది. ఎవరన్నా "ఈ చీర నాకెలా ఉందే?" అనడిగితే, ఎలా ఉందో చెప్పేస్తుంది. ఆమె చేతుల్లో పగిలిన గ్లాసులు ఎన్నో ఎవరూ లెక్క పెట్టలేదుగానీ, ఈ చీర మాటల వల్ల తెగిపోయిన చుట్టాలు అంతకన్నా ఎక్కువే ఉంటారు.

అలాంటి మనిషికి సర్కారు ఉద్యోగమిచ్చింది. మొగుడు జూనియర్ అసిస్టెంటుగా చేస్తూ పోయాడు కాబట్టి కారుణ్య నియామకం కింద ఆ కుర్చీ ఆమెకిచ్చారు. కారుణ్యం అంటే ఏమిటో తెలుసుగా? ముందు దయతలచి ఉద్యోగమిస్తారు, ఆ తర్వాత దయ లేకుండా పరీక్ష పెడతారు. పది వేళ్ళతో, గడియారం చూసి మరీ, టైపు కొట్టాలి. కొడితే ఉద్యోగం ఖాయం. లేకపోతే ఇంటికి. వకుళ రెండుసార్లు రాసి రెండుసార్లూ తప్పింది. ఇంకొక్క అవకాశం మిగిలింది. ఇంట్లో తొమ్మిదో తరగతి చదివే కూతురుంది, ఆ పిల్లకి వకుళ ఉంది, వకుళకి ఈ ఉద్యోగం ఉంది. వేరే ఏదీ లేదు.

"నువ్వు టైపు కొడుతుంటే కోడి గింజలేరినట్టుంటుందే," అంది పక్క సీటు మస్తానమ్మ. ఆవిడ సీనియర్ అసిస్టెంటు, నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. "బద్ధకం కాదు, పొగరు కాదు. నీలో ఏదో ఉంది. ఓ మంచి డాక్టరుకి చూపించుకో. సర్టిఫికెట్టొస్తే పరీక్ష మినహాయిస్తారంట."

వకుళ చూపించుకున్న డాక్టరమ్మ చిన్న వయసుదే. పూసలు గుచ్చమంది, గీతలు గీయించింది, ఒంటికాలి మీద నిలబడమంది, చిన్నప్పటి సంగతులన్నీ అడిగింది. అన్నీ అయ్యాక నెమ్మదిగా చెప్పింది.

"దీన్ని డిస్‌ప్రాక్సియా అంటారమ్మా. తెలివి తక్కువని కాదు. ఏం చెయ్యాలో మెదడుకి తెలుసు, ఆ కబురు చేతికి సరిగ్గా అందదు. అయితే ఇది ఒంటరిగా ఉండే రకం కాదు. చాలామంది పెద్దవాళ్ళలో దీనికి ఏడీహెచ్‌డీ తోడుంటుంది. అందుకే మీకు ధ్యాస నిలవదు. కొన్ని ఆటిజం లక్షణాలూ ఉన్నాయి, ఆ చప్పుళ్ళు భరించలేకపోవడం, ఉన్నదున్నట్టు అనెయ్యడం. అక్షరాలు తారుమారు కావడం డిస్‌లెక్సియా. ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటాయి. ఎక్కడ ఇది ఆగి ఎక్కడ అది మొదలైందో నేను కూడా చెప్పలేను."

"అయితే నేను మొద్దుని కాదా?"

"కాదు."

వకుళ బావురుమంది. ముప్ఫై ఆరేళ్ళ తిట్లు ఒక్క మాటతో కొట్టుకుపోతే ఎవరికైనా ఏడుపొస్తుంది. కళ్ళు తుడుచుకుని, నెట్టాల్సిన తలుపు కాసేపు లాగి, బయటపడింది. చేతిలో రిపోర్టు. దాని చివర డాక్టరమ్మ నిజాయితీగా ఒక వాక్యం రాసింది: "పై నాలుగింటి మధ్య గణనీయమైన ఓవర్‌ల్యాప్ కలదు."

ఆ ఒక్క మాటే కొంప ముంచింది.

వైకల్యం సర్టిఫికెట్లిచ్చే ఆఫీసుకి అధికారి శోభనాచలపతి గారు. ఆయన సర్వీసంతా భూముల సర్వే శాఖలో గడిచింది. పై నుంచి ఎవరో, ఎక్కడో, ఏ ఖాళీ నింపడానికో, డిప్యుటేషను మీద ఇటు తోలారు. వైద్యం ఆయనకి తెలియదు. తెలియాలన్న నిబంధన కూడా లేదు. ఆయన వెనక ముగ్గురు బంట్రోతులుంటారు. ఒకడు పెట్టె మోస్తాడు. ఒకడు కళ్ళజోడు వెతికి పెడతాడు. మూడోవాడు, ఎవరొచ్చారో, ఎందుకొచ్చారో, నిన్న వాళ్ళతో ఏం చెప్పారో చెవిలో గుర్తుచేస్తుంటాడు.

రిపోర్టు చదువుతున్న శోభనాచలపతి గారు చివరి వాక్యం దగ్గరకొచ్చేసరికి కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ఈ ఆఫీసుకొచ్చాక ఆయనకి అర్థమైన మొదటి మాట అదే.

"ఓవర్‌ల్యాపా? ఎన్ని సెంట్లు?"

"సెంట్లేమిటండీ?" అంది వకుళ.

"అమ్మా, ఒకే నేల మీద ఇద్దరికి పట్టాలుంటే దాన్ని ఓవర్‌ల్యాప్ అంటారు. తెలుగులో ఆక్రమణ. మీరు చూడబోతే ఒకే శరీరం మీద నలుగురికి పట్టాలిప్పించుకుని వచ్చారు."

"నలుగురు మనుషులు కాదండీ. అవి..."

"ఎవరైతేనేం, హద్దులుండాలి. పైగా ఇవన్నీ పిల్లల దస్త్రంలోవి. పెద్దవారికి వర్తించాలంటే వయోపరిమితి సడలింపు కావాలి. తెచ్చారా?"

"పెద్దయితే పోవంటండీ. నాతోపాటే పెరిగాయి."

"అనుమతి లేకుండా పెరిగాయన్నమాట. అది రెండో ఉల్లంఘన." బంట్రోతు అందించిన కలం పుచ్చుకుని రాయడం మొదలెట్టారు. "ఒక మనిషికి ఒకే లోపం. అది సహజ న్యాయం. సర్వే జరిపించి, హద్దులు తేల్చి, ఏది ఎవరిదో నిర్ణయిస్తాం. అంతవరకూ మీలో ఏ క్రయవిక్రయాలూ జరపకండి."

వకుళ బుద్ధిగా తలూపింది. ఆయన వేళాకోళమాడుతున్నారేమో అన్న అనుమానం ఆమెకి రాలేదు. రాకపోవడమే మంచిదైంది, ఎందుకంటే ఆయన వేళాకోళమాడటం లేదు.

వారం తిరిగేసరికి వకుళ ఇంటి తలుపు మీద నోటీసు అంటించారు. "తూర్పున డిస్‌ప్రాక్సియా, దక్షిణమున ఏడీహెచ్‌డీ, పడమర ఆటిజం, ఉత్తరమున డిస్‌లెక్సియా, ఈ నాలుగు హద్దుల మధ్య గల వకుళ అను వ్యక్తిని కొలతలు వేయనున్నందున, అభ్యంతరములున్నవారు హాజరు కావలెను." చుట్టుపక్కలవాళ్ళు చదివి ఇల్లు వేలానికొచ్చిందనుకున్నారు. ఎదురింటావిడ మామిడికాయ పప్పు గిన్నె తెచ్చి, పాపం పుట్టెడు దుఃఖంతో, "మీ వంటగదికి ఎంత చెబుతున్నారు వదినా?" అని కూడా అడిగింది.

కొలతల రోజు ఆఫీసు వరండాలో అందరూ చేరారు. చేతుల తరఫున ఎముకల డాక్టరు, బుర్ర తరఫున మనసు డాక్టరు వచ్చారు. సర్వే శాఖ నుంచి చైన్‌మన్ ఏసుపాదం ఇనప గొలుసు, సున్నం తట్ట పట్టుకొచ్చాడు.

"ఎక్కణ్ణించి పట్టమంటారండీ?" అన్నాడు వకుళ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి.

"లోపం కనపడనీ. కనపడిన చోట పట్టు," అన్నారు శోభనాచలపతి గారు.

వకుళ చేతికి నిండు టీ గ్లాసిచ్చి, గుమ్మం నుంచి బల్ల దాకా నడవమన్నారు. పాపం, ఆమె చాలా జాగ్రత్తగానే నడిచింది. బల్ల రెండడుగులుందనగా గ్లాసు ఒరిగింది. టీ ఏసుపాదం గొలుసు మీద పడింది.

"చేతిలోంచి జారింది, మా విభాగమే. కానీ ఎముక బాగానే ఉంది కాబట్టి మాది కాదు," అన్నాడు ఎముకల డాక్టరు.

"ధ్యాస తప్పింది, మాదే. కానీ ఒలికింది చేతిలోంచి కాబట్టి మాది కాదు," అన్నాడు మనసు డాక్టరు.

శోభనాచలపతి గారు గొంతు సవరించుకున్నారు. "ఎవరి హద్దులోకి ఎక్కువ విస్తీర్ణం వస్తే ఆ విభాగానికి కొత్త ఏసీ గది మంజూరవుతుంది."

ఇంకేముంది! "ముమ్మాటికీ చెయ్యే!" అని ఒకడు, "అక్షరాలా బుర్రే!" అని ఇంకొకడు. ఒలికిన టీ చుట్టూ ఇద్దరూ చెరోవైపు సున్నం పోయించారు. మాటా మాటా పెరిగి ఒకరి స్టెతస్కోపు ఒకరు పట్టుకునే దాకా వచ్చింది. ఈ గోలంతా వకుళ చెవుల్లో రోట్లో రోకలి పోటులా పడుతుంటే ఆమె గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది.

"ఏమ్మా, మీరే చెప్పండి," అన్నారు శోభనాచలపతి గారు. "టీ ఒలికే ముందు చెయ్యి తడబడిందా? ధ్యాస తప్పిందా?"

"రెండూనండీ. చేతిని చూసుకుంటే కాలు మర్చిపోతాను. కాలు చూసుకుంటే గ్లాసు మర్చిపోతాను. మీ ఫ్యాను కిర్రుమంటోంది, అది తలలోకి దూరింది. గోడ మీద బోర్డు చదవబోతే అక్షరాలు కదిలాయి. ఇంతలో తమరు చొక్కా గుండీలు ఒక కాజా తప్పించి పెట్టుకున్నారని కనపడింది. అన్నీ కలిసే ఒలికిందండీ."

అందరూ ఆయన చొక్కా వైపు చూశారు. ఒక బంట్రోతు గబగబా వచ్చి గుండీలు సరిచేశాడు.

"రెండూ అనే గడి పంచనామాలో లేదు," అన్నారాయన కొంచెం కటువుగా.

తీర్పు పది రోజులకి వచ్చింది. వకుళని నాలుగు సబ్‌డివిజన్లు చేశారు. తలా కాస్త పంచారు. నలభై శాతం దాటితేగానీ సర్టిఫికెట్టుకి పనికిరాదని రూలు. ఏ ఒక్కటీ నలభైకి చేరలేదు.

"అన్నీ కలిపితే దాటుతుంది కదండీ?" అంది వకుళ.

"కలిపితే ఓవర్‌ల్యాప్ అవుతుంది. ఓవర్‌ల్యాప్ చెల్లదు."

"విడదీస్తే చాలదు, కలిపితే చెల్లదు. మరి నేనేం కావాలండీ?"

"అది మా పరిధిలోది కాదమ్మా. ఇకపోతే, రెండు విభాగాలూ మాదంటే మాదన్న వివాదాస్పద భాగం ఒకటి మిగిలింది. ఎవరికీ తేలని జాగా సర్కారుది." ఆయన ఉత్తర్వు పైకి చదివారు. "సదరు వకుళ గారి పది వేళ్ళనూ, వాటిని ఆశ్రయించి ఉన్న తడబాటునూ ప్రభుత్వ పోరంబోకుగా నిర్ణయించడమైనది. సదరు తడబాటును ముందస్తు అనుమతి లేకుండా ఎవరునూ అనుభవించరాదు."

మర్నాడు వకుళ బల్ల మీద పసుపు రేకు బోర్డు వెలిసింది: "ఇది ప్రభుత్వ స్థలము. ఆక్రమించినవారు శిక్షార్హులు." ఆఫీసంతా చూసి నవ్వింది. క్యాంటీనులో నీళ్ళు ఒలకబోసుకుంటే, ప్రభుత్వ తడబాటును సొంతానికి వాడుకున్నందుకు సంజాయిషీ ఇమ్మని మెమో వచ్చింది.

"ఇన్నాళ్ళూ పోరంబోకు అంటే తిట్టనుకున్నా. బిరుదిచ్చారు కదే నీకు, వాళ్ళ నోళ్ళు పడిపోనూ!" అంది మస్తానమ్మ.

వకుళకి నవ్వు రాలేదు. పరీక్ష సోమవారం. డాక్టరమ్మ ఇచ్చిన కాస్త ఊపిరీ వీళ్ళు లాగేసుకున్నారు. "నా వేళ్ళు నావి కావంట మస్తానక్కా. రేపు ఉద్యోగం కూడా నాది కాదంటారు. పిల్లకి ఏం చెప్పను?" అని బల్ల మీద తల పెట్టి ఏడ్చింది. మస్తానమ్మ వీపు రాస్తూ కూర్చుంది.

ఏడుపయ్యాక వకుళ ఉత్తర్వు మళ్ళీ చదివింది. అక్షరాలు కదులుతాయి కాబట్టి ఆమె ఏదైనా రెండు మూడుసార్లు చదువుతుంది. పైగా రాసింది రాసినట్టే తీసుకుంటుంది తప్ప, దాని వెనక ఇంకేదో అర్థముంటుందని ఆమెకి తట్టదు. చదివి, లేచి, దారిలో తలుపుకొకటి తగిలించుకుని, తిన్నగా శోభనాచలపతి గారి ముందు నిలబడింది.

"నాకో సందేహమండీ. సర్కారు భూమిలో నేను నాగలి కడితే తప్పు కదా?"

"ముమ్మాటికీ తప్పు."

"ఈ వేళ్ళు సర్కారువి. సోమవారం వీటితో నేను టైపు కొడితే ఆక్రమణే కదండీ?"

శోభనాచలపతి గారు కలం కింద పెట్టారు. ఈ ఆఫీసుకొచ్చాక ఇంత చక్కటి ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు. "రూలెరిగినవారమ్మా! నిజమే, మీరు ఆ వేళ్ళతో పరీక్ష రాయరాదు."

"రాయకపోతే ఉద్యోగం పోతుందండీ."

"రాయకపోవడమెందుకు? పోరంబోకు తరఫున ఏ పనైనా దాని సంరక్షకుడైన అధికారే నిర్వహించాలి. పరీక్షైనా అంతే."

"ఆ అధికారి ఎవరండీ?"

ఆయన గుర్తుతెచ్చుకోబోయారు. రాలేదు. మూడో బంట్రోతు వంగి చెవిలో చెప్పాడు. "తమరేనండి."

రూలు రూలే. పేకాటలో ముక్క వేశాక వెనక్కి తీసుకోరు, ఆఫీసులో ఉత్తర్వూ అంతే. సోమవారం శోభనాచలపతి గారు వకుళ నంబరున్న కుర్చీలో కూర్చున్నారు. ఇన్విజిలేటరు ముందు కళ్ళు తేలేశాడు, తర్వాత ఉత్తర్వు చూసి దణ్ణం పెట్టాడు. కానీ బంట్రోతులని మాత్రం హాల్లోకి రానివ్వలేదు. ఒకళ్ళ పరీక్షకి నలుగురెందుకన్నాడు.

వకుళ కిటికీ దగ్గర నిలబడి చూస్తోంది. గంట కొట్టారు. శోభనాచలపతి గారు కళ్ళజోడు కోసం జేబులన్నీ తడుముకున్నారు. అది నుదుటి మీదే ఉంది. కుర్చీ ముందుకి జరపబోయి మోకాలు బల్లకి కొట్టుకున్నారు. మంచినీళ్ళ సీసా మూత తీయబోతే సీసా దొర్లింది. "ప్ర" ఎక్కడుందో వెతికేలోపు ఏ మాట కొట్టాలో మర్చిపోయారు. పక్క బల్లల టకటకకి చెవులు మూసుకున్నారు, ఇక కొట్టడానికి చేతులు లేవు. ఇంకో గంట కొట్టేసరికి ఆయన కాగితం మీద "పరభతవ ఉదయగ" అని ఉంది.

చూస్తున్నవాళ్ళు ముసిముసిగా నవ్వారు. వకుళ మాత్రం నవ్వలేకపోయింది. ఆ ప్రతి తడబాటూ ఆమెకి ఇంటి దారంత పరిచయం. ఆయన చెమటలు తుడుచుకుంటూ బయటికొస్తే దగ్గరకి వెళ్ళింది.

"సార్, చిన్నప్పుడు తమరికి గుమ్మాలు తగిలేవా?"

శోభనాచలపతి గారు దెబ్బ తగిలిన మోకాలు తడుముకున్నారు. "మా నాన్నగారు బెల్టు పెట్టి కొట్టేవారమ్మా," అన్నారు చిన్న గొంతుతో. "చూసుకు నడవరా మొద్దువెధవా అని."

"అయితే తమరికి కూడా ఓవర్‌ల్యాప్..."

ఇంతలో ముగ్గురు బంట్రోతులూ పరుగున వచ్చారు. ఒకడు పెట్టె అందుకున్నాడు, ఒకడు కళ్ళజోడు కిందికి దించాడు, మూడోవాడు ఇప్పుడెక్కడికి వెళ్ళాలో చెప్పాడు. ఆయన వెన్ను మళ్ళీ నిటారైంది.

"అధికారులకి ఓవర్‌ల్యాప్ ఉండదమ్మా," అన్నారు శోభనాచలపతి గారు. "అదనపు బాధ్యతలుంటాయి."

జీపెక్కి వెళ్ళిపోయారు. వకుళకి ఒళ్ళు మండింది. వెనక ముగ్గుర్ని నడిపించుకునే మనిషికి ఏ గుమ్మమూ తగలదు. అదే తడబాటు గుమాస్తాకుంటే దాన్ని గొలుసులేసి కొలుస్తారు. తనకి ముగ్గురక్కర్లేదు, ఒక్క పరీక్ష తప్పిస్తే చాలు. ఆ ఒక్కదానికే ఇంత ఊరేగింపు చేశారు.

ఫలితాలొచ్చాయి. వకుళ నంబరు తప్పింది. తప్పిందెవరంటే, ప్రభుత్వం. ఇక్కడొచ్చింది పైవాళ్ళకి అసలు తలనొప్పి. ప్రభుత్వం పెట్టిన పరీక్షలో ప్రభుత్వమే తప్పితే, ప్రభుత్వాన్ని ఉద్యోగంలోంచి తీసెయ్యాలా? ఫైలు ఈ గదిలోంచి ఆ గదికి, ఆ గదిలోంచి పై అంతస్తుకి పోయింది. ఆ అంతస్తులో కూర్చున్న ఒక్కరికీ టైపు రాదని అప్పుడే అందరికీ ఏకకాలంలో జ్ఞాపకమొచ్చింది. రేపు పోరంబోకు సంరక్షణ తమ నెత్తిన పడితే? మామూలుగా ఏళ్ళ తరబడి నానే ఫైలు ఈసారి మూడ్రోజుల్లో కిందికి దిగింది.

మస్తానమ్మ ఆ ఉత్తర్వుని ఆఫీసందరికీ వినపడేలా చదివింది.

"ప్రభుత్వము తన పరీక్షలో తాను అనుత్తీర్ణమగుట పరిపాలనా సంప్రదాయమునకు విరుద్ధము. కావున ప్రభుత్వ వేళ్ళకు టైపు పరీక్ష నుండి శాశ్వత మినహాయింపు ఇవ్వడమైనది. సదరు వేళ్ళు ఎవరి చేతికి ఉన్ననూ ఈ మినహాయింపు వర్తించును. వాటిని ధరించియున్న శ్రీమతి వకుళ గారి సర్వీసు క్రమబద్ధీకరించడమైనది."

వకుళ మస్తానమ్మ భుజం మీంచి తొంగిచూసి మళ్ళీ చదువుకుంది. డిస్‌ప్రాక్సియా అన్న ముక్క ఆ ఉత్తర్వులో ఎక్కడా లేదు. డాక్టరమ్మ చెప్పిన నాలుగింట్లో ఏ ఒక్కటీ లేదు. "నాకున్నదేమిటో వీళ్ళెవరికీ అక్కర్లేదా అక్కా?" అంది చివరికి. "నిజం చెబితే ఇవ్వనివాళ్ళు, ఇప్పుడెలా ఇచ్చారు?"

మస్తానమ్మ కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టింది.

"పిచ్చిదానా, చేతకానితనం నీదైనంతకాలం ఉద్యోగం ఊడబీకుదామని చూశారు. సర్కారుదని తేలింది, పర్మినెంటు చేసేశారు."